చువ్వ ఆగిన చోట

లారీ ఛాసిస్ మూడోసారి పగిలింది.

మొదటిసారి పగిలినప్పుడు ఓబులేసు నవ్వాడు. గుంతకల్లు చుట్టుపక్కల లారీ షెడ్లలో వెల్డింగు అంటే ఓబులేసు పేరే చెప్పేవాళ్లు. అతను వేసిన అతుకు మీద వేలు పెట్టి రాస్తే అది ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తెలిసేది కాదు. పగులు మీద మందపాటి ఇనుప ప్లేటు పెట్టి, నాలుగు పక్కలా వెల్డింగు కొట్టి, "ఇంక ఇది నేను పోయినాకే పగిలేది" అన్నాడు.

వారం తిరక్కుండా మళ్లీ పగిలింది. ప్లేటు చెక్కుచెదరలేదు. ప్లేటు అంచు దాటి బెత్తెడు అవతల పగిలింది. అక్కడ ఇంకా పొడుగు ప్లేటు వేశాడు. ఇప్పుడు ఆ రెండో ప్లేటు అంచు దాటి పగిలింది.

ఈసారి నవ్వు రాలేదు.

అది సరుకు మోసే లారీ కాదు. మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత బండి. దాన్ని ఎడారి పందానికి తయారు చేస్తున్నారు. ఆ కోరిక ఎస్తేరుది. పదమూడేళ్లుగా ఆమె సిమెంటు లారీ తోలుతోంది. ఒకసారి రాజస్థాన్‌లో సరుకు దించి వస్తుంటే ఇసుకలో లారీల పందెం కనబడింది. అంతంత బండ్లు దిబ్బలెక్కి, గాల్లోకి లేచి, దుమ్ములో దిగి, మళ్లీ పరుగు అందుకుంటున్నాయి. ఎస్తేరు తన బండి పక్కకు ఆపి సాయంత్రం దాకా చూసింది. ఊరికి వచ్చి ఓబులేసుతో అంది:

"తమ్ముడా, ఇన్నేళ్లూ నేను లోడునే తోలినా. లారీని తోలలేదు. ఒక్కసారి తోలాల."

ఆ మాట ఓబులేసుకు నచ్చింది. ఇద్దరూ కలిసి వేలంలో బండి కొన్నారు. ఏదీ కొత్తది కొనే స్తోమత లేదు. ఇంజను ఆదోని తుక్కు కొట్లో దొరికింది. గేరు పెట్టె బళ్లారి నుంచి వచ్చింది. సీట్లు ఏదో పాత బస్సువి. టైర్లు మాత్రం కొత్తవి కావాలి. అరిగిన టైర్లతో ఇసుకలో దిగితే బండి తిరిగి రాదు. టైర్ల డబ్బు ఎస్తేరు విడిగా తీసి పెట్టింది.

పని జరుగుతున్నది జిలానీ ఉస్తాద్ షెడ్డులో. ఓబులేసుకు పానా పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ నేర్పింది ఆయనే. ఇప్పుడు డెబ్బై దాటాయి, చూపు తగ్గింది, పని మానేశాడు. నమాజు చేసుకుని వచ్చి షెడ్డు ముందు నవారు మంచం మీద కూర్చునేవాడు. అడిగితే చెప్పేవాడు. అడక్కపోతే చెప్పేవాడు కాదు.

ఓబులేసు అడగలేదు. వెల్డింగు గురించి తనకు ఇంకొకరు చెప్పేదేముందని అనుకున్నాడు.

మూడోసారి పగిలింది ఊరి బయట వంకలో. వంక ఎండిపోయి రాళ్లు తేలి ఉంది. ఎస్తేరు బండిని అటూ ఇటూ తోలి చూస్తుంటే లోపల టప్‌మని చప్పుడైంది. ఆమె బండి ఆపి, కిందికి వంగి చూసింది. లేచి నిలబడినప్పుడు మొహంలో రక్తం లేదు.

"ఇదే అక్కడ, అంత వేగంలో తెగింటే?" అంది.

ఓబులేసు బండిని మెల్లగా షెడ్డుకు చేర్చి, ఉస్తాద్ మంచం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"ఉస్తాద్, ఆ ఇనుము మంచిది కాదు. మిలిటరీలోనే దాని సత్తువ అయిపోయింది. వేరే ఛాసిస్ అన్నా కొనాల, లేదంటే ఈ కొస నుంచి ఆ కొస దాకా మందం ప్లేటు వేసి బిగించాల. ఏది చేసినా టైర్ల డబ్బు దానికే పోతాది. పందానికి ఐదు వారాలే ఉంది. ఏం చేయమంటారు?"

ఉస్తాద్ బండి వైపు చూడలేదు. "టీ తాగుదామా?" అన్నాడు.

"తెప్పిస్తా."

"నువ్వే పో. ఆగు, ముందు కాళ్లు చాపి ఇట్లా కూర్చో."

ఓబులేసు అయోమయంగా మంచం మీద కూర్చున్నాడు. ఉస్తాద్ లోపలికి వెళ్లి నాలుగు ఇనుప చువ్వలు, పాత టైరు ట్యూబు కోసిన పట్టీలు తెచ్చాడు. ఒక్కో కాలికి లోపలొకటి, బయటొకటి చువ్వలు ఆనించి, తొడ పైనుంచి చీలమండ దాకా పట్టీలతో చుట్టాడు. ముడి మీద ముడి వేశాడు.

"ఏంది ఉస్తాద్ ఇది?"

"బలానికి."

ఎదురుగా ఎస్తేరు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇంక పో. రోడ్డు మీద చుట్టూ తిరిగి పోవద్దు. చేనుకు అడ్డం పడి పో, దగ్గర."

ఓబులేసు లేచాడు. షెడ్డు నేల గచ్చు. దాని మీద కాళ్లు కట్టెల్లా విసిరేసుకుంటూ బాగానే నడిచాడు. అవతల రేగడి చేను. దున్ని వారమైంది, గడ్డలు రాళ్లలా ఉన్నాయి. మొదటి సాలులో ఎడమ కాలు పెట్టాడు. కాలు దిగింది కానీ మోకాలు వంగలేదు. నడుము ఒక పక్కకు ఒరిగింది. నిలదొక్కుకునే లోపల రెండో కాలు గడ్డ మీద పడింది. బోర్లా పడ్డాడు.

లేచాడు. నాలుగు సాళ్లు దాటాడు. మళ్లీ పడ్డాడు.

టీ కొట్టు వాడు పరుగున ఎదురొచ్చి, "ఏమైందన్నా, కాళ్లు విరిగినాయా?" అని అడిగాడు. ఓబులేసు డబ్బాలో టీ పోయించుకుని వెనక్కి బయలుదేరాడు. షెడ్డు చేరేసరికి డబ్బాలో సగం కూడా లేదు. చొక్కాకు మన్ను, మోచేతికి గీరుడు.

ఉస్తాద్ ఉన్న టీని మూడు గ్లాసుల్లో పోశాడు. ఒకటి ఎస్తేరుకు ఇచ్చాడు. తీరిగ్గా ఒక గుక్క తాగి అడిగాడు.

"యాడ నొప్పి?"

ఓబులేసు తొడ పైభాగం పట్టుకున్నాడు. "ఈడ. చువ్వ ఆగిన..."

అతను చెయ్యి అక్కడే పెట్టుకుని బండి వైపు చూశాడు. మొదటి ప్లేటు. ప్లేటు దాటాక పగులు. రెండో ప్లేటు. అది దాటాక పగులు.

ఉస్తాద్ వంగి ముళ్లు విప్పడం మొదలుపెట్టాడు. వేళ్లకు ముళ్లు అందక ఇబ్బంది పడుతుంటే ఎస్తేరు వచ్చి కూర్చుని తనూ విప్పింది.

"మంచి కాళ్లురా నీవి" అన్నాడు ఉస్తాద్.

ఆ సాయంత్రం ఓబులేసు బండి కింద గోనె పట్ట పరుచుకుని వెల్లకిలా పడుకున్నాడు. ఛాసిస్ అంటే రెండు పొడుగు దూలాలు, వాటి మధ్య అడ్డ కమ్ములు. అడ్డ కమ్ముల్ని దూలాలకు కలిపినవి రివిట్లు, కాస్త ఆడనిచ్చే ఇనుప మేకులు. బండి తయారైన చోట వెల్డింగు లేక కాదు. ఇరవై ఏళ్లలో అతను ఇలాంటి ఛాసిస్‌లు వందల కొద్దీ చూశాడు. ఆ రివిట్లు ఎందుకున్నాయని ఒక్కసారీ అనుకోలేదు.

ప్లేట్లు ఒక్కటే కాదు. వెనక డీజిలు ట్యాంకుకు, విడి టైర్లకు తాను కట్టిన చట్రం కూడా ఛాసిస్‌కు ఎనిమిది చోట్ల వెల్డింగు కొట్టి బిగించి ఉంది. దాన్ని చూసి నలుగురూ మెచ్చుకున్నారు. అతనూ మెచ్చుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే గ్రైండరు అందుకున్నాడు.

తన చేతి అతుకుల్ని తానే కోయడం సులువు కాలేదు. మొదటి ప్లేటు ఊడి నేల మీద పడినప్పుడు గ్రైండరు పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాడు. ఎస్తేరు సిమెంటు దించి వచ్చి చూసేసరికి షెడ్డు నిండా ఇనుప ముక్కలున్నాయి.

"అన్నీ కోసేస్తాండావే! కొత్త ప్లేట్లు ఎప్పుడొస్తాయి?"

"రావు అక్కా. టైర్లు తెచ్చుకో పో."

పగుళ్లు ఒక్కొక్కదాని కొసన చిన్న బెజ్జం వేశాడు, ఇంక పాకకుండా. పగులు ఎంతవరకుందో అంతవరకే అతికి, నున్నగా సానబట్టాడు. వెనక చట్రాన్ని బోల్టులతో కూర్చోబెట్టి, బోల్టుల కింద తుక్కు కొట్లో ఏరి తెచ్చిన గట్టి స్ప్రింగులు పెట్టాడు. ఛాసిస్ మెలి తిరిగితే చట్రం తన మానాన తాను కూర్చునేటట్టు. ఈ పని అంతటికీ తొమ్మిది రోజులు పట్టింది. కొన్న సామాను మాత్రం ఒక సంచిలో పట్టింది. బండి బరువు కూడా తగ్గింది.

వంకలోకి తీసుకెళ్లారు. ఎస్తేరు రాళ్ల మీద తోలింది. ఒక ముందు చక్రం పైకి, ఎదురు మూల వెనక చక్రం పైకి. బండి ఒళ్లు విరుచుకున్నట్టు మెలి తిరిగింది, మళ్లీ సర్దుకుంది. ఎన్నిసార్లు తోలినా పగులు రాలేదు. కానీ వెనక నుంచి కిర్రు కిర్రుమని ఒకటే చప్పుడు.

ఓబులేసుకు ఆ చప్పుడు పంటి కింద రాయిలా ఉంది. అతని చేతి పని ఏదీ అంతవరకు చప్పుడు చేసి ఎరగదు. ఉస్తాద్ దగ్గరికి పోయాడు.

"అంతా బాగుంది ఉస్తాద్. కిర్రుమంటాంది, అదొకటే."

"పలకనీ" అన్నాడు ఉస్తాద్.

పందానికి ఉస్తాద్ రాలేదు. అంత దూరం కూర్చోలేనన్నాడు. బండిని రైలు మీద పంపే స్తోమత లేక ఎస్తేరే తోలుకుపోయింది. ఓబులేసు పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా ఆ కిర్రు వింటూనే వెళ్లాడు.

పందానికి పంతొమ్మిది బండ్లు వచ్చాయి. కొన్నింటి వెంట పనివాళ్లే పది పదిహేను మంది. సామానుకే ఇంకో లారీ. ఓబులేసు తన పానాల పెట్టెను డేరా వెనక్కి జరిపి పెట్టాడు.

మొదటి రోజు ఎస్తేరు పద్నాలుగో బండిగా వచ్చింది. రెండో రోజు పన్నెండోదిగా. ఆమె దిగి నీళ్లతో పుక్కిలిస్తే ఇసుక పడింది. అయినా నవ్వుతోంది.

"కాలు పెడితే పోతాంది తమ్ముడా! దిబ్బ మీద నుంచి దిగినప్పుడు చూడాల, పిల్లి దూకినట్టు దిగుతాంది."

ఓబులేసు ఆ మాట వినడం లేదు. బండి వస్తున్నప్పుడు కిర్రు ముందటికన్నా పెరిగినట్టు వినిపించింది. కిందికి దూరి చూశాడు. వెనక చట్రం ఆనిన ప్రతి చోటా కదిలిన గుర్తులున్నాయి. ఇనుము రాసుకుని మెరుస్తోంది. నాలుగంటే నాలుగు చోట్ల వెల్డింగు చుక్క పెడితే చాలు, ఉలుకూ పలుకూ ఉండదు. రేపు ఆఖరి రోజు. అన్నిటికన్నా కష్టమైన దారి.

పక్క డేరా మెకానిక్ ఇతన్ని చూసి, తమ వెల్డింగు యంత్రం వాడుకోమని సైగ చేశాడు. మంచి యంత్రం. ఓబులేసు దాన్ని తెచ్చుకున్నాడు. రాడ్డు బిగించాడు. బండి కింద మోకాళ్ల మీద కూర్చున్నాడు.

ఎస్తేరు రొట్టె తింటూ వచ్చి తల వంచి చూసింది.

"ఏమన్నా విరిగిందా?"

"లేదు."

"వదులైందా?"

"లేదు అక్కా. చప్పుడు."

ఆమె ఇంకో ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. "నాకేం ఇబ్బంది లేదు" అని వెళ్లిపోయింది.

ఓబులేసు రాడ్డు పట్టుకుని అలాగే ఉన్నాడు. చెయ్యి తనంతట తానే చట్రం వైపు వెళ్తోంది. అది ఇరవై ఏళ్ల అలవాటు. ఒక చుక్క, అంతే. ఎవరికీ తెలియదు కూడా.

ఎండ దిబ్బల అవతలికి జారే దాకా అక్కడే కూర్చున్నాడు. తర్వాత బోల్టులు ఒక్కొక్కటీ పానాతో పట్టి చూశాడు. రాసుకునే చోట కాస్త గ్రీజు పూశాడు. రాడ్డు ఊడదీసి, యంత్రాన్ని పక్క డేరాకు మోసుకుపోయి ఇచ్చేశాడు.

మూడో రోజు ఐదు బండ్లు దారిలో ఆగిపోయాయి. ఎస్తేరు తొమ్మిదోదిగా వచ్చింది. గీత దాటాక బండి ఆపలేదు. మైదానం చుట్టూ ఇంకో చుట్టు, ఎవరూ అడక్కుండానే, ఊరికే తిరిగి వచ్చి ఆపింది. దిగి బండి ముందు రేకు మీద చెంప ఆనించి నిలబడింది. ఓబులేసు ఆమె దగ్గరికి పోలేదు. ఆమెను అలా ఉండనిచ్చాడు.

తిరిగి గుంతకల్లు వచ్చిన రోజు ఉస్తాద్ బండి చప్పుడు విని మంచం మీద నుంచి లేచాడు. బహుమతి సంగతి అడగలేదు. ఎన్నోదిగా వచ్చారో కూడా అడగలేదు. గోనె పట్ట అడిగి, ఇద్దరూ వద్దంటున్నా వినకుండా బండి కిందికి దూరాడు. చూపు ఆనదు కదా, వేళ్లతో తడుముతూ ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయాడు. అతికిన పగుళ్ల దగ్గర ఆగాడు. వెనక చట్రం దగ్గర చాలాసేపు ఆగాడు. ఒక్కొక్క బోల్టు చుట్టూ వేలు తిప్పి చూశాడు.

"ఈడ రాసుకున్నట్టుందే."

"అవును ఉస్తాద్. రెండో రోజు చప్పుడు ఎక్కువైంది."

"వెల్డింగు లేదా ఆడ?"

"ఉండె. యంత్రం చేతికి కూడా వచ్చింది."

"మరి?"

"పెట్టలేదు."

బండి కింద నుంచి ఉస్తాద్ చెయ్యి బయటికి వచ్చింది. ఓబులేసు ఆ చెయ్యి పట్టుకుని లేవదీశాడు. ఆయన గడ్డం నిండా ఎడారి ఇసుక రాలి ఉంది. దులుపుకోలేదు. శిష్యుడి చెయ్యి వదలకుండా, ఆ అరచేతిని తిప్పి, కాలిన మచ్చల మీద బొటనవేలితో ఒకసారి రాశాడు.

"ఇప్పుడు వచ్చిందిరా నీకు వెల్డింగు" అన్నాడు.