పెద్ద ఫాదరు మోకాళ్ళూనిన పూట

1968 ఏప్రిల్ పది, బుధవారం. పవిత్ర వారం. పొద్దున తొమ్మిదింటికే గుడి మెట్లు కాలుతున్నాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు, ఆకు కదిలితే ఒట్టు.

నల్లరాతిపాలెం విచారణలో, అంటే ఆ గుడి కిందున్న పల్లెలన్నిటా, ఆ వారమంతా పాపసంకీర్తనాలే. పాస్కా పండుగనాడు, అదే ఈస్టర్‌కి, పూజలో సత్ప్రసాదం తీసుకోవాలంటే, ముందుగా చేసిన పాపాలు ఫాదరుగారి చెవిన వేసి క్షమాపణ పొందాలి. పండుగకి ఇంటికి సున్నం వేసుకున్నట్టే ఇదీను. సున్నమైనా వాయిదా వేస్తారు గానీ దీన్ని వెయ్యరు.

గుడిలో ఆ మూలొకటి, ఈ మూలొకటి రెండు చెక్కగదులు. లోపల ఫాదరు కూర్చుంటారు. బయట మనిషి మోకాళ్ళూని చెప్పుకుంటాడు. మధ్యలో చిల్లుల చెక్క. ఒకదాంట్లో పెద్ద ఫాదరు రాయప్పగారు. డెబ్బై రెండేళ్ళ మనిషి. పొద్దస్తమానం సైకిలు మీద పల్లెలు తిరిగి తిరిగి మోకాళ్ళు అరగదీసుకున్నారు. రెండోదాంట్లో చిన్న ఫాదరు ఇన్నారెడ్డి. గురువై పది నెలలు. చదువులో ఫస్టు, గొంతులో అంతకంటే ఫస్టు. ప్రసంగానికి మైకు అక్కర్లేదు. ఆ గొంతే కొంప ముంచింది.

రాళ్ళబండి తోలే మరియన్న వచ్చి ఆయన దగ్గర మోకాళ్ళూనాడు. కాసేపు గుసగుసలు. ఆ తర్వాత గుడంతా వినబడింది.

"మళ్ళీ అదేనా! క్రిస్మస్‌కీ ఇదే, మొన్నా ఇదే! మారనివాడికి క్షమాపణ లేదు మరియన్నా, పో!"

వరసలో నిలబడ్డవాళ్ళు కొయ్యబారిపోయారు. అక్కడ విన్నమాట ప్రాణం పోయినా గురువు బయట పెట్టకూడదని ఊళ్ళో పిల్లలక్కూడా తెలుసు. 'అదే' ఏమిటో ఆయన చెప్పలేదు, నిజమే. చెప్పకపోవడమే ఎక్కువైంది. మిగతాది ఊరు పూరించుకుంటుంది, అందులో మన ఊళ్ళకి సాటిలేదు.

మరియన్న లేచాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"దేవుడికి చెప్పుకుందామని వచ్చానండీ, ఊరికి కాదు. ఇక ఈ గడప తొక్కను."

తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఎండలోకి వెళ్ళిపోయాడు.

"పదండర్రా," అంది అన్నమ్మ, పాముచెవుల మనిషి. "పెద్దాయనతో చెప్పింది గోడక్కూడా తెలీదు."

వరసకు వరస అటు జరిగిపోయింది.

ఒంటరిగా మిగిలిన ఇన్నారెడ్డి రాయప్పగారి దగ్గరకు వెళ్ళాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"ఫాదరుగారూ, ఒకే పాపం పదిసార్లు తెచ్చేవాణ్ణి ఏం చెయ్యమంటారు? క్షమాపణకి విలువ ఉండద్దా?"

పెద్దాయన చేతికర్ర అందుకున్నారు.

"వెళ్ళి నీ చోట్లో కూర్చో నాయనా. ఒకరు వస్తున్నారు."

ఇన్నారెడ్డి వెళ్ళి కూర్చున్నాడు. చిల్లుల చెక్క అవతల ఎవరో కర్ర ఆనించిన చప్పుడు. మోకాళ్ళు పటపటమన్నాయి. దగ్గు.

ఆ దగ్గు ఎవరిదో అతనికి తెలుసు.

"నన్ను దీవించండి ఫాదర్," అంది ముసలి గొంతు. "నేను పాపిని."

వరసలో వెనకున్నవాళ్ళు మునివేళ్ళ మీద లేచి చూశారు. గురువులూ పాపసంకీర్తనం చేస్తారు, కాకపోతే గదిలో, తలుపు వేసుకుని. ఇలా మనవడి వయసు వాడి ముందు, జనం చూస్తుండగా మోకాళ్ళూనడం ఎవరూ ఎరగరు.

ఏం చెప్పుకున్నారంటారా? ఎవరికి తెలుసు? విన్నవాడు ఒక్కడే. ఇన్నారెడ్డి ఒకే ఒక్క మాట అడగడం మాత్రం అన్నమ్మకు వినబడింది.

"ఎన్నేళ్ళుగా?"

జవాబు వినబడలేదు. ఆ తర్వాత అతను క్షమాపణ జపం ఎంత మెల్లగా చెప్పాడంటే, అంతటి అన్నమ్మ చెవికీ చిక్కలేదు.

ఇన్నారెడ్డి బయటికి వచ్చాడు. చెప్పులు కూడా తొడుక్కోలేదు. రెండు మైళ్ళు నడిచి రాళ్ళ క్వారీకి పోయాడు. మరియన్న ఎడ్లను విప్పి నీళ్ళు పెడుతున్నాడు.

"మరియన్నా, తప్పు నాది."

"మీదేంటండీ? ఆ కాళ్ళేంటి, బొబ్బలెక్కాయి!"

"చెప్పు. వింటాను."

"ఇక్కడ గుడి లేదుగదండీ."

"బండి ఉందిగా."

ఇద్దరూ బండి కిందికి దూరారు. ఆ నీడలోనే ఫాదరు విన్నాడు. పాస్కానాడు మరియన్న సత్ప్రసాదం తీసుకున్నాడు. క్రిస్మస్‌కి మళ్ళీ వచ్చి మోకాళ్ళూనాడు. ఆ పైన ఏ పండుగకి వచ్చినా చిన్న ఫాదరు గొంతు ఆ చెక్క దాటి రాలేదు.

ఆరేళ్ళకి రాయప్పగారు పోయారు. ఆయన స్వహస్తంతో రాసిన కాగితాన్ని సమాధి కార్యక్రమం అయ్యాక, గుడిలో జపాలు నేర్పే ఉపదేశి అందరి ముందూ చదివాడు. సైకిలు ఉపదేశికి. చేతిగడియారం మఠం సిస్టర్లకు. రెండు దుప్పట్లు వంటమనిషి రోజమ్మకు. తెనాలి నుంచి పెట్టె పట్టుకుని వచ్చిన మేనల్లుడికి కళ్ళజోడు.

చివరి వాక్యం చదవడానికి ఉపదేశి కాస్త తటపటాయించాడు.

"ఇన్నారెడ్డి ఫాదరుకు ఏమీ లేదు. నాది ఒకటి ఇప్పటికే ఆయన దగ్గర ఉంది."