కామేశం మాస్టారి ఖాళీ కుర్చీలు

తవిటినాయుడికొచ్చిన కష్టం పగవాడిక్కూడా రాకూడదు. లోకాన్ని తలకిందులు చేసే సంగతి ఒకటి కనిపెట్టాడు. చెప్పుకోడానికి మనిషి లేడు.

జూట్ మిల్లు మూతపడిన ఊళ్ళో పీహెచ్‌డీ లెక్కలకోసం మూడేళ్ళపాటు గడప గడపా ఎక్కి దిగాడు. అతను తొక్కిన గడపలన్నీ పేరిస్తే కాశీ దాకా వంతెన కట్టొచ్చు. ఆ తిరుగుడులో చెప్పులే కాదు, స్నేహాలు కూడా అరిగిపోయాయి. హాస్టల్లో తోటివాళ్ళంతా ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. అన్నం తింటూ గోడకి అంకెలు చెప్పుకునేవాడు. చివరికి గోడ కూడా విసిగి పెచ్చులు రాల్చింది.

ఇంతకీ కనిపెట్టిందేమిటంటే, మిల్లు మూసేశాక ఆ ఊళ్ళో నిరుద్యోగం పెరగలేదు. తగ్గింది! ఈ మాట ఢిల్లీలో జరిగే ఆర్థికవేత్తల సభలో చదివితే చాలు, లెక్చరర్ ఉద్యోగం నడిచొచ్చి ఒళ్ళో కూర్చుంటుంది. సోమవారమే రైలు.

ఆ ఆదివారం సాయంత్రం గురువు కామేశం మాస్టారింటికి పరిగెత్తాడు. కూలీనాలీ లెక్కల్లో ఆయన్ని మించినవాడు పుట్టలేదు, పుట్టబోడు. విశాఖలో ఆయన పెన్ను మూత తీస్తే ఢిల్లీలో మంత్రులకు చెమటలు పట్టేవి. ఆదివారాలు ఆయన వరండా నిండా కుర్చీలు వేస్తే, అవి చాలక శిష్యులు మెట్లమీదా, ప్రహరీమీదా, జామచెట్టుమీదా కూర్చుని పాఠం వినేవారు.

రిటైరయ్యాక, భార్య పోయాక, ఆయన ఆ ఇంట్లో ఒక్కరే. ఆదివారం కుర్చీలు వేయడం మాత్రం మానలేదు. వాటిల్లో సముద్రపు గాలి తప్ప ఎవరూ కూర్చోవడం లేదు.

"రావోయ్ నాయుడూ! దారి మర్చిపోయావనుకున్నాను."

"పనిలో పడిపోయానండి మాస్టారూ."

ఒక కుర్చీలో కూలబడి, ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పేశాడు.

"వాళ్ళని ఏమని అడిగావు?" అన్నారు మాస్టారు.

"రూలు ప్రకారమేనండి. పోయిన వారం పనికోసం వెతికారా అని. వెతికీ దొరకనివాడు నిరుద్యోగి. వెతకనివాడు అసలు లెక్కలోకే రాడు కదండీ."

"ఏమన్నారు?"

"మొదట్లో కాళ్ళరిగేలా తిరుగుతున్నామన్నారు. మూడో ఏడు వచ్చేసరికి, 'ఇంకెక్కడ ఎతకమంటావు బావూ' అని నవ్వేశారండి."

"నువ్వేం రాసుకున్నావు?"

"వెతకలేదని."

మాస్టారు లేచి, ఒక కుర్చీ ఎత్తి ఇంట్లో పెట్టొచ్చారు. తర్వాత ఇంకొకటి. "నేను మోస్తానుండండి" అంటూ నాయుడు లేచేసరికి అతని కుర్చీ కూడా లోపలికి పోయింది. చివరికి తన కుర్చీ ఒక్కటే మిగుల్చుకుని అందులో కూర్చున్నారు.

"ఇప్పుడు ఖాళీ కుర్చీలెన్ని, నాయుడూ?"

"ఒక్కటీ లేదండి."

"ఇందాకటిదాకా ఎంత వెలితిగా ఉందోయ్ ఈ వరండా! చూడు, నిండిపోయింది."

"నేను నిలబడే ఉన్నాను కదండీ మాస్టారూ."

"నిలబడ్డవాళ్ళ సంగతి నేనడగలేదు." ఆయన సముద్రం వైపు చూశారు. "వచ్చే ఆదివారం నుంచి ఇలాగే ఉంచేస్తాను. లెక్క బావుంది."

చీకటి పడుతోంది. వీధిలో ఎవరిదో అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. మాస్టారి తల అటు తిరిగింది. చప్పుడు గేటు దాటి వెళ్ళిపోయింది.

నాయుడు చంకలోని, ఢిల్లీలో చదవాల్సిన కాగితాలు నేలమీద పెట్టాడు. లోపలికెళ్ళి ఒక కుర్చీ తెచ్చి వేశాడు. మళ్ళీ వెళ్ళి ఇంకొకటి.

"ఎవరొస్తారనోయ్?" అన్నారు మాస్టారు.

నాయుడు కుర్చీలు వేస్తూనే ఉన్నాడు.

మర్నాడు ఢిల్లీ రైలు అతను లేకుండానే కదిలింది. అతను మిల్లు ఊరికెళ్ళే బస్సులో ఉన్నాడు.