వీపు చూపించని చుక్క

రండమ్మా, రండి. ఆ చాప ఇటు లాగండి. అప్పలకొండా, గడప మీద కూర్చోకురా, ఇలా నా పక్కకి రా. పైడమ్మా, నువ్వు ఊ కొట్టు. నీ ఊ ఆగిందంటే నా కథా ఆగుతుంది, ముందే చెబుతున్నా.

అనగనగా ఏటి ఒడ్డున ఒక కోట. కోటలో ఒక రాజు, మార్తాండరాజు. మార్తాండుడంటే ఎవరు? సూర్యుడు. పేరుకి సూర్యుడే గానీ, పిల్లి తుమ్మినా ప్రయాణం మానుకునే మనిషి. ఆయన కొలువులో ఒక కట్టుబాటు ఉండేది. వచ్చేవాడు రాజుకేసి మొహం పెట్టి రావాలి. వెళ్ళేటప్పుడూ రాజుకేసి మొహం పెట్టే వెనక్కి వెనక్కి నడిచి వెళ్ళాలి. వీపు చూపిస్తే తప్పు. ఇది గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

ఆ రాజుగారికి ఒక కోడలు, మంగతాయారు. కడుపుతో ఉంది. ఏడో నెల రాగానే సీమంతం చేశారు. తొలిచూలు కదా, పురుడు పుట్టింట్లోనే పోసుకోవాలి. పుట్టిల్లేమో తూర్పున, ఏటికి అవతల. వాళ్ళమ్మ చలిమిడి చేసి, మెత్తగా గడ్డి పరిచిన బండి పంపించింది. తెల్లారితే ప్రయాణం. సరిగ్గా ఆ సాయంత్రమే, పడమట పొద్దు కుంకిన చోట, తోకచుక్క కనబడింది.

ఊ కొడుతున్నారా?

తోక పొడుగ్గా పైకి లేచి తూర్పుకి వాలి ఉంది. రాజు అది చూశాడు. తూర్పంటే కోడలి పుట్టిల్లే కదా! కీడేదో అటే ఉంది, అందుకే వేలెత్తి చూపిస్తోంది అన్నాడు. తూర్పు తలుపు మూయించాడు. బండిని తిప్పి పంపేశాడు.

"నీ పురుడు ఇక్కడేనమ్మా. నిన్నటు పంపి నేను అన్నం తినగలనా?" అన్నాడు.

తిట్టి ఆపితే ఎదురు చెప్పొచ్చు. ప్రేమగా ఆపితే ఏం చెబుతుంది? మొగుడు మంచివాడే గానీ తండ్రి ముందు నోరు పెగలదు. మంగతాయారు చలిమిడి ముద్ద చేతిలో పట్టుకుని కూర్చుంది. నెలలు నిండితే బండి కుదుపులకి తట్టుకోలేదు. ఆలోపు తలుపు తెరుచుకోకపోతే, నొప్పులప్పుడు అమ్మ చెయ్యి దొరకదు.

ఏడవలేదు. రోజూ సాయంత్రం మేడెక్కి ఆ చుక్కనే చూసింది. అది రోజుకింత సూర్యుడికి దగ్గరవుతోంది. తోక రోజుకింత పెరుగుతోంది. కానీ ఎప్పుడు చూసినా పొద్దు కుంకిన వైపుకి మాత్రం తోక లేదు. సూర్యుడిటుంటే తోకటు, సూర్యుడటుంటే తోకిటు! ఏదీ, అనండి. సూర్యుడిటుంటే తోకటు, సూర్యుడటుంటే తోకిటు!

ఎందుకలాగ? మొన్న వడగళ్ళు ఏరుకున్నారు కదా. అలాంటి వడగల్లు కొండంత ఉందనుకోండి, నిండా దుమ్మూ ధూళీ కలిసి. అదే తోకచుక్క. దూరాన చీకట్లో, చలిలో ఉన్నప్పుడు దానికి తోకే ఉండదు. సూర్యుడి దగ్గరికి వస్తే వేడికి మంచు ఆవిరవుతుంది, దుమ్ము లేస్తుంది. వాటిని సూర్యుడు ఉఫ్‌మని అవతలికి నెడతాడు. సాంబ్రాణి పొగని నువ్విటు నుంచి ఊదితే అటే కదా పోతుంది?

ఏంట్రా అప్పలకొండా, పొయ్యి ఊదితే నీ మొహానికే కొట్టిందా? నువ్వు గాలికెదురు కూర్చున్నావురా వెర్రి నాగన్నా!

సరే. మంగతాయారు మావగారి దగ్గరికెళ్ళింది. "మావయ్యా, మీ కొలువుకొచ్చేవాడి తలపాగా కుచ్చు ఎటుంటుంది?" అనడిగింది.

"వీపు వైపు."

"వెనక్కి నడిచి వెళ్ళేటప్పుడో?"

"అప్పుడూ వీపు వైపే. మొహం నాకేసే కదా ఉంటుంది!"

"అయితే ఆ కుచ్చు ఎవరింటినన్నా చూపిస్తున్నట్టా?"

రాజు నవ్వాడు. నవ్వి మళ్ళీ భయపడ్డాడు. అప్పుడు కోడలు ఒక మాట అడిగింది. "పెద్దవాళ్ళు చెప్పగా విన్నాను, ఈ చుక్క సూర్యుడి దగ్గరికి వెళ్ళి కొన్నాళ్ళు వెలుగులో కనబడదు. అటు తిరిగి వచ్చి తెల్లవారుజామున తూర్పున తేలుతుంది. అప్పుడూ తోక మా ఊరికేసే ఉంటే నేను కదలను. పడమటికి ఉంటే తలుపు తెరిపించండి" అంది. రాజు సరేనన్నాడు.

అన్నట్టే చుక్క మాయమైంది. పీడా పోయిందని రాజు కొబ్బరికాయ కొట్టాడు. మంగతాయారుకే నిద్ర లేదు. తెల్లవారుజామున లేస్తుంది, తూర్పుకి చూస్తుంది, ఏమీ లేదు. మర్నాడు లేస్తుంది, చూస్తుంది, మబ్బు. ఆ మర్నాడు లేస్తుంది, చూస్తుంది, లేదు. కడుపు బరువెక్కుతోంది. తిరిగి రాకపోతే? సూర్యుడి వేడికి విరిగిపోతే? అలా విరిగిపోయేవీ ఉంటాయి మరి.

ఊ కొట్టండర్రా, నాకే బెంగగా ఉంది.

ఒకనాడు కోడి కూసే వేళ, ఏటి మీదుగా లేచింది! తల కిందికి, పొద్దు పొడవబోయే చోటికేసి. తోక పైకి, పడమటికేసి. మంగతాయారు పరుగెత్తలేక గోడ పట్టుకుని నడిచి వెళ్ళి అత్తనీ మావనీ లేపింది.

రాజు చూశాడు. "అయ్యో, ఇప్పుడు పడమటికి కీడా!" అన్నాడు.

రాణిగారి పుట్టిల్లు పడమటే. ఆవిడ కొంగు దోపుకుని, "ఇప్పుడు మా పుట్టింటి దారీ మూసేస్తారా? మూసి చూడండి!" అంది.

 తలపాగా కుచ్చు సంగతి గుర్తొచ్చి రాజు పడీపడీ నవ్వాడు. తూర్పు తలుపు ఆయనే స్వయంగా తెరిచాడు. "ఇంతకీ ఇది మళ్ళీ వస్తుందా?" అనడిగాడట.

వస్తుంది. మన భూమి గానుగెద్దులాగా ఇంచుమించు ఒకే దూరాన తిరుగుతుంది. ఇలాంటి తోకచుక్కల దారి వేరు, పొడుగాటి దోసకాయలాగా. సూర్యుడు ఒక కొసకి దగ్గరగా కూర్చుంటాడు. అవతలి కొసన నత్త నడక, ఇవతలికొస్తే లేడి పరుగు. వెళ్ళేటప్పుడు తోక ముందు, తల వెనక. కొలువు దాటేవాళ్ళలాగే.

మంగతాయారు బండి సిద్ధమైంది. మావగారికి దండం పెట్టి, కట్టుబాటు ప్రకారం నడుం మీద చెయ్యేసుకుని వెనక్కి వెనక్కి నడవబోయింది.

రాజు గబుక్కున లేచాడు. "ఓసి పిచ్చితల్లీ, తిరిగి నడవ్వే! ఆ చుక్కకి కాలు జారదు, నీకు జారుతుంది. నాకు వీపు చూపించినా పరవాలేదు, దారి చూసుకో." ఆనాటి నుంచి ఆ కోటలో వెనక్కి నడిచినవాళ్ళు లేరు.

అమ్మ చేతిలో పురుడైంది, ఆడపిల్ల. పిల్లని చంకనేసుకుని తిరిగొచ్చేసరికి, చుక్క తోకా గీకా వదిలేసి చీకట్లోకి వెళ్ళిపోయింది. అందరూ చల్లగా ఉన్నారు. ఏదన్నా చూసి భయమేస్తే, పారిపోకుండా నాలుగు రోజులు దాన్నే చూడండి. సగం భయం అక్కడే తీరుతుంది.

కథ కంచి దారి పట్టింది, మీరు ఇంటి దారి పట్టండి. అన్నాలు చల్లారిపోతున్నాయి. ఒరే అప్పలకొండా, నాకేసి చూస్తూ వెనక్కి నడుస్తావేంట్రా, గుమ్మం తగులుతుంది! తిరిగి నడు.