నవ్వే వీరుల రాజ్యం

అనగా అనగా, మన ఊళ్ళేవీ ఇంకా పేర్లు పెట్టుకోని కాలంలో, గోరంకపురమని ఒక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రాజు ధీరకేసరి. ఆయనకు కథలంటే ప్రాణం. ఒక పూట అన్నం మానేసినా మానేస్తాడు గానీ, రోజూ ఒక వీరుడి కథ వినకుండా ఉండలేడు.

ఒకనాడు ఒక కథలో వీరుడు సింహాన్ని చూసి వణికాడట. రాజుకు కోపం వచ్చింది.

"వణికేవాడు వీరుడెలా అవుతాడు? ఇలాంటివి వింటే నా సైనికులు పాడైపోరూ? ఇకమీదట ఏ కథలోనూ భయమనే మాట వినపడకూడదు. పలికినవారిని పొలిమేర దాటిస్తాను," అన్నాడు.

ఇంకేముంది! కథకులందరూ కథలు మార్చేశారు. సింహం ఎదురైందా, వీరుడు నవ్వాడు. నది పొంగిందా, వీరుడు నవ్వాడు. కొండ విరిగి మీద పడుతోందా, అప్పుడూ నవ్వాడు.

వినగా వినగా జనానికీ అదే అలవాటైంది. ఇంట్లో పాము కనిపిస్తే ఇంటాయన నవ్వేవాడు. బిడ్డకు జ్వరం ముదిరితే తల్లి నవ్వేది. భయమేస్తోందని ఎవరైనా అంటే పక్కింటివాళ్ళు మొహం తిప్పుకునేవారు. ఎంత చిత్రమో చూడండి పిల్లలూ! భయం ఉన్నచోటే ఉంది. దాన్ని చెప్పుకునే చోటే పోయింది.

ఆ ఏడు వానలు దంచికొట్టాయి. ఊరికి ఎగువన పెద్ద చెరువు, కట్ట కిందే ఇళ్ళు. కట్టను కాచే నీరటికాడు ఎల్లమంద ఒక ఉదయం చూస్తే, కట్ట అడుగున బుంగ పడి నీళ్ళు కారుతున్నాయి. అవీ తేటనీళ్ళా అంటే, ఎర్రమట్టి నీళ్ళు. కట్ట లోపల్లోపలే కరిగిపోతోందన్నమాట. వాడి గుండె గుభేలుమంది. అయినా సేనాపతి దగ్గరికి పోయి, నవ్వుతూ, "కాస్త ఊట ఉందండీ దొరా," అన్నాడు.

సేనాపతి వచ్చి చూశాడు. ఆయన అరచేతులు చల్లబడ్డాయి. మంత్రి దగ్గరికి పోయి, నవ్వి, "ఏదో కొంచెం తడి," అన్నాడు.

మంత్రి వచ్చి చూశాడు. ఆయన నోరు ఎండిపోయింది. రాజు దగ్గరికి పోయి, ఇంకా గట్టిగా నవ్వి, "కట్ట దివ్యంగా ఉంది ప్రభూ!" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే కొలువులో కథ చెప్పడానికి సూరాంబ అనే ముసలి కథకురాలు వచ్చింది. ఆమె ఇల్లు కట్ట కిందే. ఇంట్లో బాలింత కోడలు, పసిగుడ్డు. వస్తూ వస్తూ ఆ ఎర్రనీళ్ళను ఆమె కూడా చూసింది.

కథ మొదలుపెట్టింది. ఒక లేగదూడ ఏటి వరదలో చిక్కుకుంది. వీరుడు ఒడ్డుకు వచ్చాడు. నవ్వాడని ఎప్పుడంటుందా అని సభంతా చూస్తోంది.

సూరాంబ కథకు వాయించే తాళాలు కింద పెట్టింది.

"వాడికి భయమేసింది," అంది.

సభ బిగుసుకుపోయింది. రాజు లేచి నిలబడ్డాడు.

"ఏమన్నావవ్వా?"

"భయమేసింది బాబూ. వాడికీ వేసింది, నాకూ వేస్తోంది. మీరు వెళ్ళగొడితే ఈ వయసులో ఎక్కడికి పోనని ఒక భయం. అంతకంటే పెద్ద భయం ఆ చెరువు కట్ట. బుంగలోంచి ఎర్రనీళ్ళు వస్తున్నాయి. కిందేమో మా పసిగుడ్డు పడుకుంది బాబూ!"

మంత్రి నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"మంత్రీ, నువ్వు చూసొచ్చావుగా?" అన్నాడు రాజు.

"చూశాను ప్రభూ. నాకూ భయమేసింది."

"మరి చెప్పవేం?"

"వీరులు చెప్పరు కదా ప్రభూ."

రాజు ఆ వానలోనే కట్టకు పరుగెత్తాడు. బుంగ అప్పటికే కుండ పట్టేంతయింది. దాన్ని చూశాడు. కింద, పొయ్యిల పొగ లేస్తున్న ఇళ్ళను చూశాడు. మోకాళ్ళు వణికాయి.

"ఎల్లమందా, నాకు భయంగా ఉందిరా. ఇప్పుడేం చేద్దాం?"

"అమ్మయ్య, అన్నారా దొరా!" అన్నాడు నీరటికాడు. "ముందు ఇళ్ళు ఖాళీ చేయిద్దాం. గడ్డిమోపులు కావాలి, మట్టి కావాలి. చెరువులో నీళ్ళు తగ్గేలా తూము ఎత్తాలి."

వీధి వీధికీ కబురు పరుగెత్తింది. ముసలివాళ్ళను, పిల్లలను మిట్టకు చేర్చారు. సూరాంబ కోడల్ని మంచంతో సహా మోసుకెళ్ళారు. మిగిలినవారంతా తూము ఎత్తి, మట్టి మోశారు. సేనాపతి నీటివైపు దిగి బుంగ నోట్లో గడ్డిమోపు కుక్కాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి ఆయనకు. అయినా మునిగాడు, మళ్ళీ మునిగాడు. రాజు తట్టలు అందించాడు.

పొద్దు వాలేసరికి ఎర్రనీళ్ళు సన్నగిల్లి, ఆగిపోయాయి.

తడిబట్టలతోనే రాజు మిట్టకు వచ్చాడు. సూరాంబ మనవణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ఆమె పక్కనే, బురదలోనే కూలబడ్డాడు.

"అవ్వా, వెళ్ళగొడతానని తెలిసీ ఆ మాట ఎలా అనగలిగావు?"

"వణుకుతూనే అన్నాను బాబూ. వణుకు తగ్గేదాకా ఆగితే వీడు ఉండేవాడా?"

రాజు పసివాడి పాదం తాకి చూశాడు. వెచ్చగా ఉంది. తన ఆజ్ఞను అక్కడే, అందరూ వింటుండగా, తీసివేశాడు.

ఆనాటి నుంచి గోరంకపురం కథల్లో వీరులు వణికేవారు, గుటకలు మింగేవారు, ఒక్కోసారి ఏడ్చేవారు కూడా. ఆ పైన నీళ్ళలోకి దిగేవారు. పిల్లలు ఇంకాస్త దగ్గరికి జరిగి వినేవారు.

భయమేస్తోందని ఒప్పుకుని, ఆ భయంతోనే అడుగు ముందుకు వేసేవారే ధైర్యవంతులు.