పేరు చెప్పవలసిన చోటు

కృపావరం అయ్యగారిని ప్రశ్న అడిగి జవాబు రాబట్టినవాడు మా చర్చి సంఘంలో ఒక్కడూ లేడు. అడిగినవాడికి జవాబుకు బదులు ఏదో ఒక పని దొరికేది. ప్రార్థన ఎలా చెయ్యాలని అడిగిన ఒకావిడను, మంచాన పడ్డ ముసలమ్మకు నెల రోజులపాటు జావ తాగించి రమ్మన్నారు. ప్రసంగం ఎలా చెప్పాలని నేను అడిగితే, వెనక బెంచీలో చెవిటి సామ్యేలు పక్కన కూర్చుని, ఆదివారం ప్రసంగమంతా అతని చెవిలో తిరిగి చెప్పమన్నారు. మూడు ఆదివారాలు చెప్పేసరికి ఎన్ని మాటలు అక్కర్లేదో నాకు తెలిసింది, నా గొంతూ పోయింది. అందుకని మేం ఆయన్ని ఏదైనా అడగాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకునేవాళ్లం. లంక నుంచి వచ్చే దీవెనమ్మకు ఆ సంగతి ఇంకా తెలియదు.

అయ్యగారి చేతికింద ఏడు ఊళ్లు ఉండేవి. ఆరు ఊళ్లు గట్టు మీద, ఏడోది గుల్లలంక, గోదారి మధ్యన. వానాకాలం నది పొంగితే రేవులో పడవ కట్టేస్తారు. పది పదిహేను రోజులు లంక మనుషులు లంకలో, గట్టు మనుషులు గట్టున. కిందటేడు అలాంటి రోజుల్లోనే దీవెనమ్మ భర్త ప్రభుదాసు జ్వరంతో పోయాడు. పెట్టె చేయడానికి చెక్క లేదు, చాపలో చుట్టి తీసుకెళ్లారు. గొయ్యి దగ్గర నిలబడ్డ మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారే గాని ఒక్కరి నోటా ఒక్క మాట రాలేదు. ఆరాధన క్రమం పుస్తకం దీవెనమ్మ చేతిలోనే ఉంది. లంకలో తడుముకోకుండా చదవగలిగింది ఆవిడ ఒక్కతే. ఆవిడా నోరు తెరవలేకపోయింది. మట్టి కప్పేసి, వానలో తడుస్తూ ఎవరి ఇళ్లకు వాళ్లు పోయారు. పది రోజుల తరవాత పడవ తిరిగినప్పుడు అయ్యగారు వెళ్లి ఆ మట్టి దగ్గర ప్రార్థన చేశారు. ఆ ప్రార్థన ఆలస్యంగా వచ్చిందని అక్కడున్న అందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు.

తిరిగొచ్చిన వారంలోనే ఆయన తరగతి పెట్టారు. అయ్యగార్లు కాబోయేవాళ్ల కోసం కాదు. కుట్టుమిషను తొక్కే దీవెనమ్మ లాంటివాళ్ల కోసం, చెక్కపని చేసే ఏలీయా కోసం, బడి పంతులమ్మ సుశీల గారి కోసం, బస్సు డిపోలో స్టోర్ కీపరుగా చేసి రిటైరైన నా లాంటి వాడి కోసం. శనివారం మధ్యాహ్నం, చర్చి వెనక గదిలో ఏడుగురం కూర్చునేవాళ్లం. రోగిని చూడడానికి వెళ్తే మంచానికి ఏ పక్కన కూర్చోవాలి, పిల్లలకు వాక్యం చెప్పేటప్పుడు ఎక్కడ ఆపాలి, అయ్యగారు లేని ఆదివారం ఆరాధన ఎలా నడపాలి, అన్నీ నేర్పారు. దీవెనమ్మ ప్రతి శనివారం పొద్దున్నే పడవెక్కి వచ్చేది. అందరికన్నా బాగా చదివేది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈస్టరు వెళ్లాక అయ్యగారు ఏలీయాతో ఒక పెట్టె చేయించారు. లంకలో ఇంకెవరినీ చాపలో చుట్టే గతి పట్టకూడదు, ఒకటి ముందే చేసి అక్కడ ఉంచుదాం అన్నారు. మంచి ఆలోచనేనని సంఘం మెచ్చుకుంది. కొలత ఎంతని అడిగితే, అయిదడుగుల పదంగుళాల మనిషికి సరిపోవాలని చీటీ మీద రాసిచ్చారట. "లంకలో అంత పొడుగు మనిషి ఎవరున్నారండీ?" అన్నాడు ఏలీయా. "పొడుగు పెట్టెలో పొట్టివాడు పడతాడు గదయ్యా" అని ఆయన నవ్వేశారు.

మే నెలలో ఒక శనివారం అయ్యగారు నల్లబల్ల మీద 'భూస్థాపన' అని రాసి, సుద్దముక్క కింద పెట్టారు. అంతవరకూ గుసగుసలాడుకుంటున్న మేం నోళ్లు మూసుకున్నాం.

దీవెనమ్మ లేచి నిలబడింది. "అయ్యగారండీ, ఇన్నాళ్లూ మీరు చెప్పిందల్లా నేర్చుకున్నానండి. ఇది మట్టుకు నా వల్ల కాదండి. ఆ గొయ్యి తలుచుకుంటేనే నాకు నోరు పెగలదండి. భయం పోయాకే నన్ను ఈ పనికి పంపుతారా, లేపోతే భయంతోనే పంపేత్తారా?"

అయ్యగారు మా వైపు తిరిగారు. "ఆ పొడుగు బల్ల మీద పుస్తకాలు తీసెయ్యండి" అన్నారు మాతో.

పుస్తకాలు తీశాం. ఆయన బీరువాలోంచి ఒక తెల్ల దుప్పటి తెచ్చారు. ఏలీయాతో ఆవరణలోంచి పళ్లెం నిండా మట్టి తెప్పించారు. ఎవరో ఒకరు బల్ల మీద పడుకోవాలని, ఆ మనిషికి దీవెనమ్మ క్రమం ప్రకారం భూస్థాపన జరిపించాలని చెప్పారు. శకునాలూ అవీ మాకు లేవని మేం ప్రతి ఆదివారం గొప్పగా చెప్పుకుంటాం. ఆ మధ్యాహ్నం ఏడుగురికీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. సుశీల గారికి నడుంనొప్పి. నాకు బీపీ. ఊళ్లో అందరి పెట్టెలూ చేసే ఏలీయా అయితే గోడదాకా వెనక్కి జరిగి, "నేను చేసేది పెట్టెలండి, పడుకోడం నా పని కాదండి" అన్నాడు. ఎవరం నవ్వలేదు. పడుకుంటే ఏమవుతుందో నాకూ తెలియదు, అయినా బల్లకు రెండడుగులు దూరంగానే ఉండిపోయాను.

పెద్దవాణ్ణి గనక ఏదో ఒకటి చెప్పాలి కదా అని, "రెండు దిళ్లు పెట్టి దుప్పటి కప్పుదామండి. ఏదో ఒక పేరు పెట్టుకుందాం" అన్నాను.

"దిళ్లను సమాధి చెయ్యడానికి ఈవిడ ఎందుకు, దేవదానం గారూ? మీరు చాలు" అన్నారు అయ్యగారు. కళ్లజోడు తీసి నా చేతిలో పెట్టారు. చెప్పులు విడిచి, బల్ల మీద వెల్లకిలా పడుకుని, దుప్పటి మొహం మీదికి లాక్కున్నారు. దుప్పటి కిందనుంచి, "నేను పోయాననుకోమ్మా. చదువు" అన్నారు.

దీవెనమ్మ పుస్తకం తెరిచింది. మొదట్లో గొంతు సన్నగా ఉన్నా, రెండు పేరాలు గడిచేసరికి కుదుటపడింది. ఆ పుస్తకంలో ఒక చోట 'మన సహోదరుడు' అని ఉండి, తరవాత చుక్కల గీత ఉంటుంది. గీత కింద చిన్న అక్షరాలతో, ఇక్కడ మృతుని పేరు చెప్పవలెను, అని ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి ఆవిడ ఏదో మింగినట్టు ఆగి, తరవాతి వాక్యంలోకి దాటేసింది.

"ఎవరినమ్మా పాతిపెడుతున్నారు?" అంది దుప్పటి.

మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే దాటేసింది. ఈసారి పుస్తకం మూసేసి గుండెకు ఆనించుకుంది.

"బతికున్న మనిషి పేరు అక్కడ ఎలా చెప్పనండి?" అంది. "నోట్లోంచి వచ్చిందంటే అదే జరిగిపోద్దని నాకు భయం. మా ఆయనప్పుడూ ఇంతేనండి. చదవడం రాక కాదు. ఆ గీత దగ్గర ఆయన పేరు చెప్పేత్తే ఆయన నిజంగానే పోయినట్టయిపోద్దని. నేనే చెప్పకపోయేసరికి ఇంకెవరూ ఆ పేరు ఎత్తలేదండి. పేరు లేకుండానే కప్పెట్టేశారు."

ఏడాదిగా ఆవిడ ఈ మాట ఎవరితోనూ అనలేదు. లంకలో మగవాళ్ల పిరికితనం గురించి మేం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం, ఆవిడ ఎదురుగానే మాట్లాడుకున్నాం. నాకు సిగ్గేసింది.

దుప్పటి అయ్యగారి పొడుగుకు చాలక పాదాలు బయటికి కనబడుతున్నాయి. ఏలీయా ఆ పాదాల దగ్గర నిలబడి ఉన్నాడు. భయంలో ఉన్న మనిషి చేతులు తమకు అలవాటైన పని చేసుకుపోతాయి కాబోలు, అతని కుడిచెయ్యి బల్ల అంచు వెంబడి జేనలు పెట్టుకుంటూ పోయింది. తలదాకా వెళ్లి ఆగిపోయింది. అతని మొహంలో రంగు మారడం నేను చూశాను.

"అయిదడుగుల పది" అన్నాడు తనలో తను. తరవాత కాస్త గట్టిగా, "అయ్యగారండీ, ఆ పెట్టె ఎవరికండి?" అన్నాడు.

దుప్పటి ఒకసారి పైకి లేచి దిగింది. ఎప్పుడూ జవాబు చెప్పని మనిషి ఆ ఒక్క ప్రశ్నకు చెప్పారు.

"లంకలో మా అమ్మ పక్కన జాగా ఉంది, ఏలీయా. వచ్చే నెల అక్కడే మా చెల్లెలింటికి మకాం మారుస్తున్నాను. ఆగస్టు దాటదని డాక్టరు గారు చెప్పారు."

ఆగస్టులో గోదారి ఎలా ఉంటుందో ఆ గదిలో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. నా చేతిలో ఆయన కళ్లజోడు ఉంది. అద్దాలకు ఇంకా ఆయన చెమట తడి అంటి ఉంది. నాకు భయమేసింది. ఆయన పోతారన్నది ఒక భయమైతే, ఆయన పోయాక ఇలాంటి చోట్ల ఎవరో ఒకరు నిలబడి నోరు తెరవాలి కదా, ఆ ఎవరో ఒకరు నేనే అయితే ఎలా అన్నది ఇంకో భయం. నిజం చెప్పాలంటే రెండోదే పెద్దది. ఈ సంగతి ఆయనకు ఎప్పటినుంచి తెలుసో మేం అడగలేదు.

సుశీల గారు కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, "బిషప్ గారికి ఉత్తరం రాద్దామండి. వరద రాకముందే ఇంకో అయ్యగారిని లంకలో ఉండేలా పంపిస్తారు" అన్నారు.

"నా కోసమైతే పంపుతారమ్మా. ప్రభుదాసు కోసం ఎవరిని పంపారు?"

కిటికీలోంచి నది వాసన వస్తోంది. అప్పటికింకా ఇసుక తిన్నెలు పైకి తేలి, పిల్లకాలువలాగే ఉంది గోదారి. అదే నీళ్లు మూడు నెలల్లో ఎర్రబడి గట్టు ఒరుసుకుంటూ పోతాయని, అవతల ఈవిడ ఒక్కతే ఈ పుస్తకం పట్టుకుని నిలబడుతుందని అనుకున్నాను.

"మొదట్నించి, దీవెనమ్మా" అన్నారు అయ్యగారు. "పేరు మింగెయ్యకు."

ఆవిడ పుస్తకం తెరిచింది. కాగితాలు చేతిలో గలగలలాడుతున్నాయి. ఏలీయా వెళ్లి పుస్తకం కింద ఒక చెయ్యి పట్టాడు. చదువుతూ చదువుతూ ఆ చుక్కల గీత దగ్గరికి వచ్చి ఆగింది. ఈసారి దాటెయ్యలేదు. అలాగే నిలబడింది. ఎంతసేపంటే, పోనీలెమ్మని చెప్పేద్దామా అని నేను రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాను.

"మన సహోదరుడు" అంది దీవెనమ్మ, "ప్రభుదాసును."

మేం ఉలిక్కిపడ్డాం. పొరపాటని ఆవిడకూ తెలిసింది. కళ్ల నీళ్లు జారి పుస్తకం మీద పడ్డాయి. ఆవిడ తల ఎత్తి ఎవరినీ చూడలేదు, తప్పు దిద్దుకోనూ లేదు. ఆ పేరుతోనే చివరిదాకా చదివింది. ఈ మట్టికి ఇతన్ని అప్పగిస్తున్నాం అన్నచోట పళ్లెంలోంచి గుప్పెడు మన్ను తీసి, బల్ల పక్కన నేల మీద మూడుసార్లు వేసింది. మేం ఏడుగురం ఆమెన్ అన్నాం. కిందటేడు ఆ వానలో అనవలసిన ఆమెన్ అది.

అయిపోయిందనుకుని నేను కళ్లజోడు ఇవ్వడానికి ముందుకు వెళ్లాను. దీవెనమ్మ చేత్తో నన్ను ఆపింది. పైట చెంగుతో మొహం తుడుచుకుని, పేజీలు వెనక్కి తిప్పి, ఎవరూ చెప్పకుండానే మళ్లీ మొదట్నించి అందుకుంది. గీత దగ్గరికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, "మన సహోదరుడు కృపావరాన్ని" అంది. గదిలో ప్రతి మూలకూ వినబడేలా అంది. తరవాత మట్టి తీసుకుంది. ఈసారి నేల మీద కాదు, తెల్ల దుప్పటి మీదే వేసింది, ఆయన గుండె ఉండే చోట.

దుప్పటి కదల్లేదు. మేం ఎదురు చూశాం. మట్టి జారిపోకుండా అక్కడే నిలిచి ఉంది. ఏలీయా నా భుజం పట్టుకున్నాడు. అయ్యగారూ అని పిలవాలని ఉంది గాని, పిలిచినా పలక్కపోతేనో అని పిలవలేకపోయాను.

"భయం పోయిందా, దీవెనమ్మా?" అన్నారు ఆయన లోపలినుంచి.

"లేదండి" అంది ఆవిడ. "ఎక్కువైందండి."

అయ్యగారు మెల్లిగా లేచి కూర్చున్నారు. దుప్పటి నాలుగు మూలలూ కలిపి, దాని మీది మట్టిని జాగ్రత్తగా పళ్లెంలోకి ఒంపారు. నా చేతిలోంచి కళ్లజోడు తీసుకుని పెట్టుకుని, ఆవిడ వైపు చూశారు.

"భయాన్ని ఉండనీ అమ్మా. నాకు రెండు పేర్లూ వినబడ్డాయి."