ఖంగుమన్న కుండ

తెలివి తమ ఇంట్లోనే పుట్టిందని చెంచయ్యకీ, తమ్ముడు పోలయ్యకీ గట్టి నమ్మకం. మిగిలింది ఊరికి పంచిపెడుతున్నామని కూడా చెప్పుకునేవాళ్ళు.

ఆ వేసవిలో పోలయ్యకి సంబంధం వచ్చింది. అంతకుముందు వచ్చిన ఇద్దరూ అన్నదమ్ములతో రెండు మాటలు మాట్లాడి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. ఇదీ తప్పితే జన్మంతా బ్రహ్మచారినే అని పోలయ్యకి బెంగ. పిల్ల తండ్రి సాంబయ్య మధ్యాహ్నానికి వస్తాడనగా మంచినీళ్ళ కుండ కాస్తా పగిలింది.

"ఎండన పడి వచ్చే మనిషికి చల్లటి నీళ్ళయినా ఇవ్వకపోతే పరువేం కావాలిరా? కుండ పట్రండి. వేలితో కొట్టి చూడండి, ఖంగుమంటేనే తీసుకోండి" అంది తల్లి గురవమ్మ.

కుమ్మరి ఆదెయ్య వాకిట్లో పోలయ్య ఓ కుండని కొట్టాడు.

"అన్నా, ఇది టంగ్ అంది."

"పిల్లకుండ కదరా, నోరు తిరగలేదు. పెద్దదాన్ని అడుగు."

పెద్దది డంగ్ అంది.

"ఏం ఆదెయ్య మావా, కుండలకి మాటలు నేర్పకుండానే ఇచ్చేస్తావా?" అని నిలదీశాడు చెంచయ్య.

ఆదెయ్యకి ఒళ్ళు మండింది. తనే ఒకదాన్ని కొట్టి, "ఖంగ్! వినబడిందా?" అని అరిచాడు. అంతే, ఆ కుండ నెత్తికెత్తుకుని బయల్దేరారు.

దారిలో పోలయ్యకి అనుమానం వచ్చి కొట్టాడు. టంగ్! "ఎండకి గొంతెండింది పాపం" అని చెంచయ్య దాన్ని కాలవలో ముంచాడు. ఈసారి బుడ్ అంది. ఇంకేముంది, పొలమారిందనుకుని గట్టు రాయి మీద పెట్టి వీపు చరిచాడు. కుండ ఫెళ్ళుమంది.

"పోతూ కూడా ఖంగ్ అనలేదు, మొండిది!"

పోలయ్యకి ఏడుపొచ్చింది. పొద్దు నడినెత్తికొచ్చింది. అప్పుడు తట్టింది వాడికి. "అన్నా! పొద్దుట్నుంచీ ఖంగ్ అన్నది ఒక్కడే!"

సాంబయ్య వచ్చేసరికి ఆదెయ్యని ఇంటికి ఎత్తుకొచ్చి, తడి ఇసకలో కూర్చోబెట్టి, తడిగుడ్డ చుట్టి, నోట్లో చెంబుతో నీళ్ళు పోస్తున్నారు. గురవమ్మ నెత్తి బాదుకుంటోంది. సాంబయ్య ఎగాదిగా చూశాడు.

సాంబయ్య వంగి ఆదెయ్య బోడిగుండు మీద వేలితో కొట్టాడు.

"ఖంగ్! ఖంగ్! నన్నొదలండ్రా బాబూ!"

"రెండుసార్లంది! ఇంత గట్టి కుండ మా ఊళ్ళో దొరకదు. ఏరి తెచ్చావు అల్లుడూ, పిల్లనిస్తా. ముందు కాసిని నీళ్ళు వంచు."

అంతే, అన్నదమ్ములు చెరో కాలూ పట్టుకుని ఆదెయ్యని తలకిందులుగా ఎత్తారు.