వల కోసిన బాల్కనీ

రెండు వేల పదిహేడో సంవత్సరం వేసవిలో, గాజువాకలో ఒక అపార్టుమెంటు నాలుగో అంతస్తులో, ఎవరి మాటా చెవిన పెట్టని గవరయ్య అనే పెద్దాయన ఉండేవాడు. బాల్కనీకి వల కట్టించినా పావురాలు దాని బయట, సన్‌షేడ్ మీద వాలి రెట్టలు వేసేవి. వాటిని తరమడానికి పిల్లిని పెంచాలనుకున్నాడు.

కింది అంతస్తులో నర్సు రోజమ్మ ఇంట్లో మూడు పిల్లి కూనలుండేవి. గవరయ్య వాటి ముందు పురికొస ఆడించాడు. రెండు ఊరికే చూశాయి. బూడిద రంగుది గాల్లోకి ఎగిరి కొసను పళ్ళతో పట్టేసింది.

"ఇదే కావాలి!" అన్నాడు.

"అది వద్దు బాబాయ్. ఎగిరేది కనబడితే ఒళ్ళు మరిచిపోతుంది. ఆ నల్లదైతే తిని పడుకుంటుంది."

"తిని పడుకోవడానికి నేను లేనా ఏంటి?"

రోజమ్మ నవ్వేసింది. "సరే, వల మాత్రం తియ్యకండి."

దానికి సివంగి అని పేరు పెట్టాడు. చేపలో ముల్లు తీసి మరీ పెట్టేవాడు.

"నలభై ఏళ్ళలో నాకెప్పుడైనా ముల్లు తీశావా?" అని భార్య పైడమ్మ దెప్పేది.

సివంగి రోజూ వల వెనక కూర్చుని పావురాలను చూసేది. అప్పుడు దాని దవడలు వణికేవి, పళ్ళు కిటకిటమనేవి. ఎందుకో గవరయ్యకు అంతు పట్టేది కాదు. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, దాని ముఖంలోకి వంగి చూసేవాడు. చివరికి, "వల అడ్డమని తిట్టుకుంటోంది" అని తేల్చేశాడు.

"వల తీసే ముందు రోజమ్మను ఒక్క మాట అడగరాదూ?" అంది పైడమ్మ.

"అడిగేదేముంది? పిల్లి ఎక్కడి నుంచి పడ్డా కాళ్ళ మీదే పడుతుంది" అంటూ కత్తితో వల కోసేశాడు.

మర్నాడు ఉదయం ఒక పావురం వాలి, మళ్ళీ ఎగిరింది. దాని వెంటే సివంగీ ఎగిరింది.

అది కాళ్ళ మీదే పడింది. కానీ నాలుగంతస్తుల కింద, స్కూటర్ల పక్క సిమెంటు నేల మీద.

గవరయ్య లిఫ్టు కోసం ఆగకుండా మెట్లన్నీ దిగాడు. దాన్ని కండువాలో ఎత్తుకుని రోజమ్మ తలుపు కొట్టాడు. "బతుకుతుందా తల్లీ? ఏం చెయ్యమంటావో చెప్పు, చేస్తాను" అన్నాడు. ఇద్దరూ ఆటోలో పశువుల ఆసుపత్రికి పరుగెత్తారు.

సివంగి బతికింది. కొత్త వలకు ముడులు గవరయ్యే వేశాడు. ఒక్కో ముడికీ "ఇది చాలా?" అని రోజమ్మను అడిగాడు.

సివంగికి ముందరి కుడికాలు పోయింది.

పెంచే ప్రాణి గుణం తెలిసినవారు చెబితే, పంతం పక్కన పెట్టి వినాలి.